గొలుసు దారికి ఇవతల

రోహిణి కార్తె. గాలి లేదు.

ఎయిర్ ఫిల్టర్ విప్పాను. స్పాంజి నిండా ఇసుక. కిరసనాయిల్లో జాడించి, సబ్బునీళ్ళలో పిసికి, నీడన ఆరబెట్టాను. ఎండలో పెడితే స్పాంజి పెళుసెక్కి ముక్కలవుతుంది. ఆరాక నూనె పట్టించి, గట్టిగా పిండి మళ్ళీ బిగించాను. రెండు రోజులకోసారి ఈ పని తప్పదు. ఒక్కసారి బద్ధకించినా ఇసుక ఇంజనులోకి దిగి పిస్టన్‌ను గీరేస్తుంది. ఇంకో పిస్టన్ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

ప్రతి ప్రయాణం తర్వాత బండి ఎలా ఉందో, దారి ఎలా ఉందో రాసిపెట్టమని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. అందుకే రాస్తున్నాను. నా పేరు వన్నూరమ్మ. హగరి ఒడ్డు పల్లెలకు మందులు చేర్చడానికి, రోగులను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఏటీవీ నడుపుతాను. లావుపాటి టైర్లు, పొట్టి ఒళ్ళు, పక్కలకు చాచిన నాలుగు చక్రాలు. మా ఊళ్ళో దీన్ని ఎండ్రకాయ అంటారు. నా బండికి వెనక రోగి కూర్చునే సీటుంది. నాతోపాటు ఈ పని చేసే మాబున్ని అనే అమ్మాయి బండికి ఒక్కటే సీటు, వెనక మందుల పెట్టె. హగరి ఎండిపోయి, ఏటి ఇసుక పొలాల మీదికి, తర్వాత ఇళ్ళ మీదికి ఎక్కాక మా పల్లెల్లో తిరగగలిగేవి ఈ రెండు బండ్లే.

ఆసుపత్రి గొలుసు దారికి అవతల ఉంది. ఆ దారిలో డ్రైవర్లు లేని లారీలు, ఒకదాని తోక ఒకటి కరుచుకున్నట్టు, బారులు బారులుగా పోతుంటాయి. మేం వాటిని గొలుసులంటాం. ముందు లారీ మన ఎదుట ఉంటే ఆఖరి లారీ ఇంకా కంటికి ఆనదు. మనిషి అడ్డం వస్తే ఆగడం వాటికి తెలియదు. దాటే చోట ఒక స్తంభం ఉంది. దాని మీద పచ్చదీపం వెలిగితే గొలుసులు నెమ్మదించి సందు ఇస్తాయి. ఆ సందులో దాటాలి.

ఈరోజు బీరప్ప మామను తీసుకుపోయాను. కంబళ్ళు నేసే మనిషి. కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోకపోతే బతకడు. దీపం కోసం ఎదురుచూస్తూ వెనక సీట్లో ఒకటే సణుగుడు.

"నెత్తికి హెల్మెట్ పెట్టుకుంటి. నువ్వు జెండా కడితివి. పట్టపగలు లైటు ఏస్తివి. ఇంత సింగారం జేసుకున్నా ఆ దీపానికి మనం కనపడల్యా గదా మే?"

"కనపడతాంలే మామా. గమ్మునుండు."

దీపం వెలిగింది. బండి పూర్తిగా ఆపి, రెండు వైపులా చూసి, తిన్నగా అడ్డం దాటాను. దారి వెంబడి ఒక్క బారెడు కూడా నడపకూడదు. మాబున్నికి బండి నేర్పినప్పుడు నేను మొదట చెప్పిన మాట అదే. ఏటీవీ తారు కోసం చేసిన బండి కాదు. టైర్లలో గాలి తక్కువ. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి మలుపులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగవు. ఇసుకలో అయితే ఒక చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. హ్యాండిల్ గట్టిగా తిప్పితే బండి అవతలి పక్కకు పల్టీ కొడుతుంది.

మృగశిర. పడమటి గాలి మొదలైంది.

చైను వదులైంది. బిగించి, ఇసుక దులిపి, నూనె చుక్కలు వేశాను. ఎక్కువ వేస్తే ఇసుక అంటుకుని చైనునే తినేస్తుంది.

పొద్దున బయల్దేరి దారి దగ్గరికి చేరాం. నేనూ బీరప్ప మామా నా బండిలో, మాబున్ని తన బండిలో. మధ్యాహ్నమైనా దీపం వెలగలేదు. గొలుసు వెనక గొలుసు వస్తూనే ఉంది. మాబున్ని స్తంభానికున్న మీట నొక్కింది. దారి ఆఫీసు నుంచి ఎవరో ఆడమనిషి పలికింది. గొంతు చిన్న వయసుదే.

"దీపం బాగానే పనిచేస్తోందండీ. ఈ నెల నుంచి బండ్లు పెంచారు. సందు దొరకడం లేదు. దొరగ్గానే అదే వెలుగుతుంది."

"ఎప్పుడు దొరుకుతాదమ్మా?" అంది మాబున్ని.

"చెప్పలేనండీ."

"అయితే అంతవరకూ ఈయప్ప కిడ్నీలను ఆగమని నువ్వే జెప్పు. ఇదో, ఈన్నే ఉండాడు. మాట్లాడు."

ఆ అమ్మాయి మెల్లగా, "సారీ అండీ" అంది. బీరప్ప మామ సీట్లోంచి వంగి, "ఆ పాపనేల తిడతావు మాబున్నీ, అదేం జేస్తాది" అన్నాడు.

పొద్దు వాలుతుండగా దీపం వెలిగింది. ఆసుపత్రిలో మామకు కేటాయించిన వేళ దాటిపోయింది. నర్సు బతిమాలించుకుని, సగం సేపు మాత్రమే మిషను పెట్టింది.

ఆరుద్ర. గాలి, దుమ్ము. ఎదుటి మనిషి కనిపించడం లేదు.

వెనక బ్రేకు మెత్తబడింది. లోపలికి ఇసుక పోయింది. విప్పి తుడిచి బిగించాను.

రక్తం కడిగించుకునే వంతుల్లో ఒకదానికి బీరప్ప మామ పోలేకపోయాడు. దీపం వెలగలేదు, తిరిగొచ్చాం. అతని కాళ్ళు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. మగ్గం దగ్గర కూర్చోలేక గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు గానీ ఊపిరి చాలలేదు.

సాయంత్రం మాబున్ని మా ఇంటికొచ్చి మందుల పెట్టె నా ముందు పెట్టింది. ఉబ్బసం పిల్లల మందులు, చక్కెర జబ్బువాళ్ళ సూదులు, బీరప్ప మామకు నీరు లాగే బిళ్ళలు. అన్నీ ఉన్నాయి.

"దీపం వెలిగిందా?" అన్నాను.

"ల్యా. మోరీ గుండా పోయొచ్చినా."

ఆ మోరీ నాకు తెలుసు. దక్షిణంగా పోతే గొలుసు దారి కింద పాత వంక పారిన సొరంగం ఉంటుంది. మనిషి నిలువెత్తు. వంకలో నీళ్ళు పోయి ఎంతో కాలమైంది. కానీ మా వైపున దాని నోటి చుట్టూ ఇసుక దిబ్బలు కొండల్లా ఉన్నాయి. ఏ బండీ ఎక్కలేదు. దాని దగ్గరికి చేరాలంటే దాటే చోటు నుంచి గొలుసు దారి అంచు పట్టుకుని తారు మీదే పోవాలి.

"దారెంబడి నడిపినావా?"

"అంచునే పోయినా అక్కా. గీత దాటల్యా."

నేను చాలా కోప్పడ్డాను. నేర్పినదంతా మళ్ళీ మొదటి నుంచీ ఏకరువు పెట్టాను. గొలుసు పక్కనుంచి పోతే ముందు గాలి నెడుతుంది, తర్వాత లాగుతుంది, అప్పుడు హ్యాండిల్ తిప్పావంటే నిన్ను ఆ దేవుడు కూడా పట్టుకోలేడు అన్నాను. మాబున్ని చేతులు కట్టుకుని వింది.

"అయిపోయిందా?" అంది. "అయితే ఆ బిళ్ళలు మామకిచ్చి రాపో. నేను బువ్వ తినల్ల."

బిళ్ళలు తీసుకుపోయి ఇచ్చాను. తెల్లారేసరికి మామ కాళ్ళ వాపు కాస్త తీసింది.

పునర్వసు. గాలి ఆగడం లేదు.

వారమంతా దీపం వెలగలేదు. మీట నొక్కితే ఇప్పుడు మనిషి కూడా పలకడం లేదు. రికార్డు చేసిన గొంతు ఒకటి, నియమాలు పాటించినందుకు కృతజ్ఞతలు చెబుతోంది.

మాబున్ని మోరీ దారినే పోయొస్తోంది. ఆమె బండికి నేనే మరమ్మతు చేస్తున్నాను. బోల్టులన్నీ స్పానర్‌తో ఒక్కొక్కటీ బిగించాను. ముందు చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టాను. ఇంజనాయిల్ మార్చాను. పాత నూనె వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడింది.

"టైర్లకు ఇంగొంచెం గాలి కొట్టక్కా," అంది మాబున్ని. "తారు మీద బండి అటూ ఇటూ ఊగుతాంది."

"ఎక్కువ కొడితే ఇసుకలో కూరుకుపోతావు. ఈ టైర్లకు ఇంత మించి గాలి ఉండగూడదు."

"ఇసుకలో కూరుకుంటే తోసుకుంటా. తారు మీద ఊగితే ఏం జేసేది?"

నేను కొట్టాను. ఆమె అడిగినంత కాదు, ఉండాల్సినంత కాదు, మధ్యస్తంగా. ఆ తర్వాత కాసేపు బండి పక్కనే కూర్చుండిపోయాను. మాబున్ని భర్త హుసేన్ పీరా గొర్రెల బొచ్చు కత్తిరించి వచ్చి గడపలో చేతులు కడుక్కుంటున్నాడు. మితభాషి. నా వైపు చూసి, "బాగుందా బండి?" అన్నాడు.

"బాగుంది," అన్నాను.

అబద్ధం కాదు. బండి బాగానే ఉంది.

పుష్యమి. గాలి కొంచెం తగ్గింది.

ఈరోజుది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

బీరప్ప మామ కాళ్ళ నీరు పొట్టకెక్కింది. బిళ్ళలు పనిచేయడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నిద్ర రాదు. అతని కూతురు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏమీ అడగలేదు. మాబున్నే అంది, "నీ బండికి సీటుంది. నా బండికి ల్యా. నేను ముందు పోతా, నా ఎనకాలే రా. నాకు దావ తెలుసు."

ఒప్పుకున్నాను.

దాటే చోటి దాకా ఎప్పటిలాగే పోయాం. అక్కడ మాబున్ని చేయి ఊపి తారు ఎక్కింది. వెనకాల నేనెక్కాను. ఎడమ పక్క దారి అంచు, దాని కింద ఇసుకలోకి నిట్టనిలువు గోడ. కుడి పక్క తెల్లగీత, ఆ గీతకు అవతల గొలుసులు. తారు మీద నా బండి హ్యాండిల్ చేతుల్లో వణికింది. బీరప్ప మామ నా నడుము పట్టుకున్నాడు. అతని చేతులు మంచులా ఉన్నాయి.

మొదటి గొలుసు వెనకనుంచి వచ్చి దాటిపోయింది. గాలి నెట్టింది, లాగింది. నేను హ్యాండిల్ కదపలేదు. మాబున్నీ కదపలేదు. గొలుసు పోయాక ఆమె వెనక్కి తిరిగి చూసి తలాడించింది. పర్వాలేదు అన్నట్టు.

రెండో గొలుసు సగం దాటింది. మోరీకి దిగే చోటు కనిపిస్తోంది. ఆ గొలుసులో ఒక లారీ మీద కప్పిన పట్టా ఊడి, రెపరెపలాడుతూ బయటికి వేలాడుతోంది. అది మాబున్ని హెల్మెట్‌కు తగిలింది. ఆమె ఎడమకు తిప్పింది. ఎవరైనా తిప్పుతారు. వెనక చక్రాలు తారును పట్టుకుని జారలేదు. బండి ఎడమకు పోలేదు. కుడికి, గీత మీదికి, పల్టీ కొట్టింది. ఆ వెనక లారీ ఆగలేదు. దాని వెనకదీ ఆగలేదు.

"నిలుపు మే! నిలుపు!" అని బీరప్ప మామ నా వీపు మీద గుద్దాడు.

నేను ఆపలేదు. ఆపి దిగినా చేయగలిగేది ఏమీ లేదని ఒక్క చూపులో తెలిసింది. వెనక ఇంకో గొలుసు వస్తున్న మోత వినపడుతోంది. దిగే చోట అంచు దిగి, మోరీలోంచి అవతలికి పోయి, మామను ఆసుపత్రి మెట్ల మీద దించాను. అతను నా మొహం చూడలేదు. నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. ఏమైందని అడిగింది.

తిరిగి మోరీ దాకా వచ్చి, బండి అక్కడ వదిలి, అంచు వెంట పాక్కుంటూ పైకి పోయాను. అప్పటికే దారి ఊడ్చే యంత్రం వచ్చి పోయింది. దారి మీద ఏమీ లేకుండా చేయడమే దాని పని. మాబున్నినీ, బండి ముక్కలనూ, మందుల పెట్టెనూ ఒకే కుప్పగా అంచుకు తోసి పోయింది. ఆమెను వేరు చేసి, నా చీర కొంగు చింపి మొహం మీద కప్పాను. తర్వాత హుసేన్ పీరాకు చెప్పడానికి పోయాను.

ఆశ్లేష. తూర్పు మబ్బు, వాన లేదు.

బండి శుభ్రం చేయలేదు.

దారి సంస్థవాళ్ళు వచ్చారు. మాబున్ని గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. దాటే చోట స్తంభాన్ని పెకలించి తీసుకుపోయారు. మా వైపు అంచు పొడవునా కాంక్రీటు పలకలు నిలబెట్టారు. ఇక తారు ఎక్కడానికి వీల్లేదు.

ఆసుపత్రివాళ్ళు బీరప్ప మామను కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుని, ఆ పలకలు నిలబెట్టక ముందే పంపించేశారు; నేనే మళ్ళీ ఆ అంచునే పోయి తీసుకొచ్చాను. పడకలు లేవట. వచ్చినప్పటినుంచీ ఎవరితోనూ మాట్లాడడం లేదు. మొన్నొకరోజు అతని ఇంటికి పోతే మొహం గోడకు తిప్పుకున్నాడు.

"మామా, మళ్ళీ వంతు వస్తాది. ఏదో ఒకటి చేయల్ల."

"నేను పోను."

"పోకపోతే సచ్చిపోతావు."

"ఆ పాప నాకోసం పాయె. ఇంగెవురు పోవల్ల? నువ్వా?" అన్నాడు. అంతకన్నా మాట్లాడే శక్తి అతనికి లేదు.

బయటికొస్తే హుసేన్ పీరా పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మాబున్నిని మట్టి చేసినప్పటినుంచీ అతను ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

"దిబ్బలు తవ్వుదాం," అన్నాడు. "మన పక్కనుంచి మోరీ నోటిదాకా. దావ మీదికి ఎక్కే పనే ఉండగూడదు."

"ఈ గాలికి ఎంత తవ్వినా నిండిపోతాది హుసేన్ పీరా."

"నిండనీలే. మల్లా తవ్వుదాం."

అతను ఒక్కడే పోయాడు. మరుసటి రోజు బీరప్ప కూతురు గంప తీసుకుని పోయింది. ఆ తర్వాత ఊరంతా.

మఖ. గాలి పడిపోయింది.

ఎయిర్ ఫిల్టర్, చైను, బ్రేకు, టైర్ల గాలి, అన్నీ చూశాను. గాలి ఇసుకకు తగినంతే ఉంచాను.

దిబ్బల మధ్య మోరీ దాకా దారి పడింది. రెండు పక్కలా తాటిదుంగలు, రేకులు నిలబెట్టి ఇసుక జారకుండా ఆపారు. నా బండి పట్టేంత సందు. పొద్దున తవ్వితే సాయంత్రానికి మోకాలి లోతు నిండుతుంది. మళ్ళీ తవ్వుతున్నారు.

బీరప్ప మామను అతని కూతురూ హుసేన్ పీరా ఎత్తుకొచ్చి సీట్లో కట్టారు. వద్దనే ఓపిక కూడా అతనికి లేదు. మోరీలో పోతుంటే నెత్తి మీద గొలుసు పోయిన మోతకు కప్పు అదిరి మా మీద మట్టి రాలింది. ఆసుపత్రిలో అతన్ని వెంటనే మిషనుకు పెట్టారు. సాయంత్రానికి మనిషి మనిషిలా అయ్యాడు. నీళ్ళు అడిగాడు.

తిరుగు దారిలో, ఇంకా ఆసుపత్రి వైపునే, మోరీకి కాస్త దూరంలో ఉండగా ఒకతను చేయి అడ్డం పెట్టాడు. గొలుసు దారి సర్వేయరట, పేరు ముత్యాలరావు. ఎండకు మొహం కమిలిపోయింది. చేతిలో పలక లాంటి యంత్రం. కోస్తా మాట.

"ఎక్కడినుంచండీ, ఈ పేషెంటుతో?"

"ఆసుపత్రి నుంచి," అన్నాను.

"అది కాదమ్మా. ఊరు ఏదంట? ఇసుకవైపు ఎవరైనా ఉంటున్నారా అని చూసి రమ్మన్నారు. దాటేవాళ్ళ లెక్క సున్నా చూపిస్తోంది." నా మొహంలో ఏం కనిపించిందో గానీ గొంతు తగ్గించాడు. "ఉంటే చెప్పండి. జనం ఉన్నారని రాస్తాను. దీపం మళ్ళీ పెట్టమని నేనే అడుగుతాను."

"పెడతారా?"

"అడుగుతానమ్మా. అయితే జనం ఉన్నచోట దారి కింద మోరీలు తెరిచి ఉండకూడదు. ముందు వాటిని కాంక్రీటుతో మూసేస్తారు. అది వెంటనే జరిగిపోద్ది. దీపం సంగతి... అది నా చేతిలో లేదు."

మోరీ లోపలి నుంచి, మా వైపు దిబ్బల దగ్గర పారలు ఇసుకలో దిగుతున్న చప్పుడు సన్నగా వినపడుతోంది. అతనికి వినపడుతోందో లేదో తెలియలేదు. నేను ఇంజను రేజ్ చేశాను.

"ఆ పక్క ఎవరూ లేరండీ," అన్నాను. "ఎప్పుడో వెళ్ళిపోయినారు."

అతను నన్ను చూశాడు. నా బండి టైర్ల మీద ఇసుకను చూశాడు. బీరప్ప మామను చూశాడు.

"మాది ఈ పక్కే సామీ," అన్నాడు మామ.

సర్వేయరు ఇంకేమీ అడగలేదు. యంత్రం మీద వేలితో ఏదో నొక్కి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని నడుచుకుంటూ పోయాడు. అతను కనుమరుగయ్యేదాకా ఆగి మోరీలోకి దిగాను.

మా వైపున హుసేన్ పీరా పార పట్టుకుని ఎదురొచ్చాడు. మామను దించుతుంటే జరిగిందంతా చెప్పాను. ఈ పక్కన మనుషులెవరూ లేరని ఇప్పుడు రికార్డుల్లో ఎక్కిందని, మోరీని ఇక ఎవరూ ముట్టరని చెప్పాను.

అతను తలూపాడు. మంచి పని చేశావన్నట్టే ఊపాడు. మళ్ళీ ఇసుకలోకి పార దించి, ఎత్తకుండా అలాగే నిలబడ్డాడు.

"అయితే అక్కా," అన్నాడు, "దావ మీద సచ్చిపోయింది ఎవురని రాసుకున్నారు?"

ఇంకో పార తీసుకుని అతని పక్కన తవ్వడం మొదలుపెట్టాను.